బొద్దింకల కోసం ఒకటి నొక్కండి

ఇద్దరు మనుషులుండే కొట్టుకి ఆరు ఫోన్లు అంటగట్టిన ఘనుడు మన చిన్నోడు. పరాయివాళ్ళకైతే పోనీలే, పొట్టకూటి కోసం ఏదో చేశాడని ఊరుకోవచ్చు. అంటగట్టింది ఎవరికయ్యా అంటే, సొంత అక్కకి.

చిన్నోడన్నానని కుర్రాడనుకునేరు. నలభై దాటాయి, కణతల దగ్గర తెల్లబడింది, బొజ్జ కూడా దిగింది. ఇంట్లో ఆఖరివాడు కాబట్టి అంటుకున్న పేరు, ఇంకా వదల్లేదు. చిన్న చిన్న ఆఫీసుల్లో, క్లినిక్కుల్లో, కొట్లలో ఫోన్లు బిగించడం అతని పని. ఊరికే వైరు లాగి వచ్చేస్తే ఏం మిగులుతుంది? అందుకని ముందు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రంగురంగుల బొమ్మల పుస్తకం చంకన పెట్టుకుని వెళ్తాడు. కుర్చీలో వెనక్కి వాలి ఒకే ఒక్క మాట అడుగుతాడు: "రేపు మీ వ్యాపారం పెరిగితే ఏం చేస్తారు సార్?" నా వ్యాపారం పెరగదు బాబూ అని చెప్పే మొనగాడు ఏ కొట్లోనైనా ఉంటాడా? ఇంకేం, రెండు ఫోన్లు చాలే చోట ముప్ఫై ఫోన్లు మోసే బాక్సు గోడెక్కుతుంది. వాడని కన్నాలన్నీ నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోతాయి. అతను చెప్పిన ఆ రేపు రావడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

అక్కది చెవి మిషన్ల కొట్టు. రెండంతస్తుల షాపుల సముదాయంలో కింద, మెట్ల పక్కన, జిరాక్స్ కొట్టుని ఆనుకుని ఉంటుంది. ముందు గాజు కౌంటరు, నాలుగు కుర్చీలు, వెనక దీపమూ భూతద్దమూ ఉన్న రిపేరు బల్ల. వినపడనివాళ్ళకి పరీక్ష చేస్తుంది, చెవికి అచ్చు తీసి మిషను అమరుస్తుంది, చెడిపోతే విప్పి బాగుచేస్తుంది. పొద్దస్తమానం చెవిటివాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఆవిడ గొంతుకి తగ్గడమంటే ఏమిటో తెలియదు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినా పక్కింటివాళ్ళు లేచి వెతుక్కోవాల్సిందే.

అమ్మ పోయాక, చదువు అబ్బని వీణ్ణి ఫోన్ల పని నేర్పే కోర్సులో చేర్పించి ఒక దారిలో పెట్టింది ఆవిడే. మరి కొట్లో ఫోను పాతబడిందంటే ఇంకెవర్ని పిలుస్తుంది?

"మంచిది వెయ్యరా చిన్నోడా. ధర చూడకు. ఈ సంగతులు నీకు తెలిసినట్టు నాకేం తెలుస్తాయి?" అంది.

ఇదిగో, ఆ మాటకైనా సిగ్గుపడాలా వద్దా?

అప్పటికి కొద్దిరోజుల ముందు, ఇళ్ళకి పురుగుమందు కొట్టే కంపెనీ ఒకటి మూతపడింది. వాళ్ళ ఫోన్లు పీకే పని చిన్నోడికే వచ్చింది. పీకిన సరుకంతా తుక్కు ధరకి తనే కొనుక్కుని తెచ్చి మంచం కింద తోశాడు. ఊడ్చేటప్పుడల్లా అది పెళ్ళాం కాలికి తగలడం, "ఈ దరిద్రాన్ని ఎప్పుడు వదిలిస్తావ్" అని ఆవిడ అనడం, "బంగారంలాంటి సరుకే నీకేం తెలుసు" అని ఇతను అనడం. ఆ బంగారాన్నే స్పిరిటు పెట్టి తుడిచి, కొత్త అట్టపెట్టెలో సర్ది, కొత్త టేపు వేసి, అక్క కళ్ళముందే కత్తెరతో కోసి మరీ తెరిచాడు. కొత్తదాని ధరే చెప్పి, "నువ్వు కాబట్టి" అని కాస్త తగ్గించాడు కూడా. తమ్ముడు తగ్గించాడని అక్క సముదాయమంతా చెప్పుకుని మురిసిపోయింది.

కౌంటరు మీద ఒకటి, రిపేరు బల్ల మీద ఒకటి, స్టోరు గదిలో ఒకటి, మెట్ల కింద ఒకటి, చేతులు కడుక్కునే తొట్టి పక్కన ఒకటి, చీపురు పెట్టే మూల ఇంకొకటి.

"ఇక్కడ ఫోనెందుకురా, చీపురుకి ఎవరు చేస్తారు?" అంది అక్క.

"రేపు స్టాఫ్ పెరిగితే?" అన్నాడు.

అక్క పడీపడీ నవ్వింది. తమ్ముడు తన వ్యాపారం గురించి అంత పెద్ద కలలు కంటున్నాడనుకుంది పిచ్చితల్లి.

అంతటితో ఆగాడా? ఎవరైనా ఫోన్ చేస్తే ముందు బాక్సే మాట్లాడేలా పెట్టాడు. చెవి మిషన్ల కోసం ఒకటి నొక్కండి, బ్యాటరీల కోసం రెండు, రిపేరు కోసం మూడు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ కొట్టుకి ఫోన్ చేసేదెవరు? వినపడనివాళ్ళు! వినపడనివాళ్ళకి రికార్డు వినిపించి, అది అర్థం చేసుకుని నంబరు నొక్కమనడం ఎక్కడి చోద్యమండీ? దారిన పోయే ఎవర్ని ఆపి అడిగినా నవ్వుతారు. చిన్నోడికి మాత్రం తట్టలేదు. అతని బుర్ర అమ్మకం దగ్గరే ఆగిపోయింది.

అది కూడా నయమే. అసలు ముసలం వేరే ఉంది. ఆ బాక్సు లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటున్నంతసేపూ చిన్నోడు రికార్డు చేసిన మాటలే చెబుతుంది. కరెంటు ఒక్కసారి పోయి వచ్చిందా, నేర్పిందంతా మరిచిపోయి, పాత కంపెనీ మాటలు అందుకుంటుంది. ఫోన్ చేసినవాళ్ళని పాత కంపెనీలో ఎప్పుడో ఉన్న నంబర్లకి పంపిస్తుంది. ఆ నంబర్లలో ఫోన్లూ లేవు, మనుషులూ లేరు.

ఒకరోజు అక్క తన మొబైల్లోంచి చేసి, "ఏమిట్రా, కొట్టు ఫోను మోగడమే మానేసింది" అంది. చిన్నోడు రోడ్డు పక్కన బండాపి కొట్టు నంబరుకి చేసి చూశాడు. బొద్దింకల కోసం ఒకటి నొక్కమంది. ఉరుకులు పరుగుల మీద వెళ్ళి, "సర్వీసుకొచ్చానక్కా" అని ఏవో మీటలు నొక్కి, మళ్ళీ తన మాటలు ఎక్కించి వచ్చాడు. బ్యాటరీ మార్చాలంటే బాక్సు విప్పాలి. విప్పితే లోపలి దుమ్మూ తుప్పూ అక్క కంట పడతాయి. ఈసారొచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నాడు. సర్వీసు డబ్బులని అక్క అతని జేబులో ఏవో నోట్లు కుక్కితే వద్దన్నాడు గానీ, అంత గట్టిగా ఏం అనలేదు.

మళ్ళీ కరెంటు పోయింది, మళ్ళీ వచ్చింది. మళ్ళీ అక్క అడిగింది, మళ్ళీ ఇతను "లైన్లు బాలేవక్కా, అంతటా ఇంతే" అన్నాడు. కొన్నాళ్ళకి అక్క ఆ మాట ఎత్తడమే మానేసింది. ఎత్తకపోతే ఇతనికి హాయి. అంతా సర్దుకుందేమోలే అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. అక్కడ అక్కేమో, జనం తనని మానేశారనుకుంది. పెద్ద పెద్ద షాపులొచ్చాయి, నా పనితనం తగ్గింది, ఇక నన్నెవరు అడుగుతారు అనుకుంది. జీతం ఇవ్వలేక కౌంటర్లో కూర్చునే అమ్మాయిని మానిపించి, ఆ రోజు అన్నం తినలేదు. చివరికి, ఊరూరా షాపులున్న ఒక పెద్ద కంపెనీ అడిగితే, కొట్టు వాళ్ళకి ఇచ్చేయడానికి ఒప్పుకుంది.

"సంతకం పెట్టేటప్పుడు నువ్వు పక్కనుండరా. నాకు చెయ్యి వణుకుతుంది" అని తమ్ముణ్ణే పిలిచింది.

వెళ్ళాడు. ఆ చెయ్యి వణికే పరిస్థితి ఎందుకొచ్చిందో ఈ లోకంలో తెలిసినవాడు అతనొక్కడే. చెప్పేస్తే అక్క కొట్టు నిలబడుతుంది, చెప్పకపోతే తన పరువు నిలబడుతుంది. దారి పొడుగునా చెప్పేద్దామనే అనుకున్నాడు. గుమ్మం దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు.

కంపెనీ తరఫున వచ్చిన సూటాయన కౌంటరు మీద కాగితాలు పరిచి, పెన్ను మూత తీసి సిద్ధంగా ఉంచాడు. పక్క కొట్టు జిరాక్స్ ఆయన గుమ్మంలో నిలబడి చోద్యం చూస్తున్నాడు. చిన్నోణ్ణి చూడగానే భుజం మీద చెయ్యేశాడు.

"మీ అక్క నీ గురించి ఒకటే పొగడ్తలు. మా కొట్టుకీ అదే బాక్సు కావాలయ్యా. మేడ మీదివాళ్ళు కూడా నీతోనే పెట్టించుకుంటారట."

ఇంకోరోజైతే చిన్నోడు అక్కడికక్కడే బొమ్మల పుస్తకం తీసేవాడు. ఇవాళ మాత్రం ఆ చెయ్యి కిందనుంచి మెల్లగా తప్పుకున్నాడు.

అక్క పెన్ను అందుకుంది. సరిగ్గా అప్పుడే "అమ్మాయ్! ఉన్నావా, పోయావా?" అని కేకేస్తూ డ్రిల్లు మాస్టారు ఊడిపడ్డాడు. బడిలో పిల్లల చేత కవాతు చేయించి చేయించి రిటైరైన మనిషి. అక్క దగ్గర మొదట్నుంచీ మిషను కొంటున్నవాడు. చెవిలోంచి మిషను ఊడబీకి కౌంటరు మీద పెట్టాడు.

"చచ్చింది ఇది. ముక్క వినపడి చావడం లేదు."

అక్క పెన్ను వదిలేసి ఆయన చెవి దగ్గరికి వెళ్ళింది. "ఇన్నాళ్ళూ ఏమైపోయారు మాస్టారూ?"

"నేనా? నువ్వేమైపోయావ్? ఎన్నిసార్లు చేశాననుకున్నావ్ ఫోను! ఎవరో ఆడమనిషి బొద్దింకలంటుంది, ఎలుకలంటుంది. నాకే తిన్నగా వినపళ్ళేదేమోనని మా కోడలికిచ్చా. ఆవిడకీ బొద్దింకలే. సరే, నువ్వు కొట్టెత్తేశావు, ఎవరో మందు కొట్టేవాళ్ళు చేరారు అనుకున్నాం. పార్కులో మాతో నడిచే ముసలాళ్ళందరికీ నేనే చెప్పా. పాపం వాళ్ళంతా నీ కోసం ఏడ్చి వేరే చోట్లకి పోతున్నారు. ఇవాళ బస్సులోంచి నీ బోర్డు కనపడితే దిగిపోయా."

అక్క మొబైలు తీసి, తన కొట్టు నంబరుకి తనే చేసి, స్పీకరు నొక్కి కౌంటరు మీద పెట్టింది. తన కొట్టుకి తను ఫోన్ చేసుకోవాలని ఎవరికి మాత్రం తోస్తుంది?

"నమస్కారం! మీ ఇంటి పురుగులకి మేమే శత్రువులం!" అంది ఒక తియ్యటి గొంతు. "బొద్దింకల కోసం ఒకటి నొక్కండి. చెదల కోసం రెండు నొక్కండి. ఎలుకల కోసం..."

సూటాయన దగ్గు నటించి నవ్వు మింగాడు. జిరాక్స్ ఆయన మింగలేదు, పగలబడి నవ్వాడు. నేల చీలి తనని మింగేస్తే బాగుండునని చిన్నోడు నిజంగానే నేల వైపు చూశాడు.

అక్క ఫోను ఆపేసి తమ్ముడి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఉన్నదంతా చదివేసింది. చిన్నప్పట్నుంచీ చదువుతున్న మొహమే కదా. అయినా నలుగురి ముందూ ఇంటి పిల్లాడి పరువు తీయడానికి ఆవిడకి నోరు రాలేదు.

"తప్పు నాదే మాస్టారూ!" అని ఆయన చెవిలో అరిచింది. "చవగ్గా వస్తుందని పాత బాక్సు నేనే అడిగా! కొత్తది పెట్టుకో అక్కా అని వీడు మొత్తుకున్నాడు! నేనే వినలేదు, నా పిసినారితనం!"

"అలాగా!" అన్నాడు మాస్టారు. "నిజమేనటయ్యా?" అని జిరాక్స్ ఆయన చిన్నోడి వైపు తిరిగాడు.

నోరు తెరిచి ఒక్క మాట చెబితే అయిపోయేది. చిన్నోడు తలూపాడు. అవునని తలూపాడు! ఊపాక తెలిసింది తల ఊగిందని.

"నీ చెవిలో గుయ్యిమంటోందన్నావుగా. రా, ఓసారి చూస్తాను" అంది అక్క. అలా అని చిన్నోడు ఎప్పుడూ అనలేదు. అయినా ఆవిడ వెనకే వెళ్ళాడు.

కొట్టు వెనక చెవులు పరీక్ష చేసే చిన్న గది ఉంది. గోడలకి మెత్త, మందపాటి తలుపు, మధ్యలో ఒక అద్దం. వచ్చినవాళ్ళు లోపల కూర్చుని చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటారు. అక్క అద్దానికి ఇవతల మైకు ముందు కూర్చుంటుంది. వినపడితే లోపలివాళ్ళు చేతిలో బటను నొక్కాలి, నొక్కితే అక్క బల్ల మీద చిన్న దీపం వెలుగుతుంది. అక్క తమ్ముణ్ణి లోపల కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో బటను పెట్టి, తలుపు మూసింది.

లోపలి నిశ్శబ్దానికి తన గుండె కొట్టుకోవడం తనకే వినపడింది. ఆ తర్వాత అక్క గొంతు వచ్చింది. మెల్లగా, చెవి పక్కనే కూర్చున్నట్టు. అక్క అంత మెల్లగా మాట్లాడటం చిన్నోడు పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"పాతదని తెలుసా నీకు? తెలిస్తే నొక్కు."

నొక్కాడు.

"కొత్తదాని డబ్బే తీసుకున్నావా నా దగ్గర?"

నొక్కాడు. అద్దంలోంచి అక్క కనపడుతూనే ఉంది. ఆవిడ ఇటు చూడటం లేదు, బల్ల మీది దీపాన్నే చూస్తోంది.

"ఫోను మోగడం లేదని నేను ఏడ్చినప్పుడు, ఎందుకు మోగడం లేదో నీకు తెలుసా?"

బొటనవేలు బటను మీదే ఉంది. కదల్లేదు. అక్క తొందరపెట్టలేదు, ముసలివాళ్ళకి పరీక్ష చేసేటప్పుడు ఆగినట్టే ఆగింది. ఎంతసేపటికో నొక్కాడు.

"ఆ అమ్మాయిని మానిపించిన రోజున కూడా?"

నొక్కాడు. కళ్ళు మసకబారాయి.

ఇక తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండు, తలుపు తీసి రెండు చెంపలూ వాయించినా బాగుండు.

"అయితే వాళ్ళు నన్ను మానలేదన్నమాట" అంది అక్క. ఆ గొంతులో కోపం లేదు. పోయిందనుకున్న బిడ్డ దొరికినదానిలా ఉంది. "నాకు పని రావడం లేదనుకున్నానురా. రాత్రుళ్ళు లేచి కూర్చుని, ఎవరికి మిషను తప్పుగా పెట్టానా, ఎవర్ని విసుక్కున్నానా అని ఆలోచించేదాన్ని."

చిన్నోడు మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. తను చేసింది దొంగతనమని అంతవరకూ అనుకుంటున్నాడు. దానికంటే పెద్దదేదో చేశానని అప్పుడే తెలిసింది.

"బయట నేను చెప్పింది చెప్పినట్టే ఉంటుంది" అంది అక్క. "నిన్నెవరూ ఏమీ అడగరు. నాకు కొట్టు మిగిలింది, చాలు. ఆ ఫోన్లు పీకేసి, మామూలు ఫోను ఒకటి పెట్టి, వెళ్ళు."

చిన్నోడు ఎందుకో మళ్ళీ బటను నొక్కాడు. మళ్ళీ మళ్ళీ నొక్కాడు. అక్క అప్పటికే మైకు ఆపేసి అటు తిరిగిపోయింది.

బయటికొచ్చాడు. తిన్నగా స్టూలు తెచ్చుకుని గోడకున్న బాక్సు పీకితే సరిపోయేది. అక్క అబద్ధం గొడుగు పట్టే ఉంది, దాని కింద నడిచి వెళ్ళిపోవడమే. జిరాక్స్ ఆయన ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు, సూటాయన వాచీ చూసుకుంటున్నాడు. చిన్నోడు వెళ్ళి మాస్టారి కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మాస్టారూ, తప్పు అక్కది కాదండీ. నాది."

"ఆఁ?" అన్నాడు మాస్టారు చెవికి చెయ్యి ఆనించి. ఆయన మిషను ఇంకా కౌంటరు మీదే చచ్చి పడి ఉంది.

"తప్పు నాదండీ."

"గట్టిగా చెప్పవయ్యా! ఆ పిల్ల తమ్ముడివేనా నువ్వు?"

ఇలాంటి మాట గుసగుసగా చెప్పుకోవడమే కష్టం.

"పాత బాక్సుని కొత్తదని చెప్పి అమ్మాను!" అని అరిచాడు. ఆ అరుపు గుమ్మం దాటింది. మెట్ల మీద పోతున్నవాళ్ళెవరో ఆగారు. మేడ మీదినుంచి ఒక తల కిందికి తొంగి చూసింది.

"ఎవరికి?"

"అక్కకి!"

"తెలియకా?"

"తెలిసే! అన్నీ తెలిసే!"

జిరాక్స్ ఆయన మొహంలో నవ్వు పోయింది. తన కొట్లోకి వెళ్ళిపోయాడు. సూటాయన పెన్నుకి మూత పెట్టుకున్నాడు. అక్క లోపల్నుంచి పరుగున వచ్చి, "ఒరేయ్, చాల్లేరా" అంది. చిన్నోడు వెనక్కి తిరగలేదు, తిరిగితే ఇక నోరు రాదని తెలుసు.

మాస్టారు అనుమానంగా కనుబొమలు ముడిచాడు. "మరి మీ అక్క, పాతది తనే అడిగానందేం?"

దీనికి జవాబు అరిచి చెప్పేది కాదు. అరవకపోతే ఆయనకి వినపడదు. చిన్నోడు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, ఉన్న ఊపిరంతా కూడదీసుకున్నాడు.

"అబద్ధం చెప్పింది మాస్టారూ! నా పరువు పోకూడదని!" గొంతు మధ్యలో చీలిపోయింది. "నా కోసం!"

మాస్టారు చెవి దగ్గర్నుంచి చెయ్యి తీసేశాడు. చిన్నోడి మొహంలోకి చూశాడు.

"వినపడింది" అన్నాడు.